ఉమ్మడి అత్యవసర రేడియో వ్యవస్థ నుంచి నగరం బయటికి రావాలనుకుంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో పోలీసులూ ఫైర్ సిబ్బందీ చాలాచోట్ల నగరపాలక సంస్థ కిందే పనిచేస్తారు. వాళ్లు మాట్లాడుకునే రేడియో మాత్రం చుట్టుపక్కల ఊళ్లన్నీ కలిసి పెట్టుకున్నదై ఉండవచ్చు. కాలిఫోర్నియాలో ఫ్రిమాంట్, డబ్లిన్ ఈస్ట్ బే ఉమ్మడి వ్యవస్థలో ఉన్నాయి. డాలస్ పక్కన ప్లేనో, ఆలెన్, వైలీ, మర్ఫీ నాలుగూ కలిసి ఒకటి పెట్టుకున్నాయి. తెలుగువాళ్లు బాగా ఉండే ఊళ్లే ఇవి. ఇలాంటి ఏ ఊళ్లోనైనా ఒక ఏడాది బడ్జెట్ సమావేశంలో "మనం దీన్లో ఎందుకుండాలి?" అన్న మాట లేస్తుంది. అప్పుడు తేల్చుకోవలసిన సంగతులు ఇవి.

బయటికి రావడం అంటే 911 నుంచా, రేడియో నుంచా?

రెండూ వేరు. కౌన్సిల్‌లో మాత్రం కలిపేసి మాట్లాడుతుంటారు. ఒకటి డిస్పాచ్ కేంద్రం: 911 ఫోను ఎత్తేది, అడ్రసు రాసుకునేది, ఏ బండి వెళ్లాలో చెప్పేది. రెండోది రేడియో వ్యవస్థ: టవర్లు, ఫ్రీక్వెన్సీలు, టవర్లను కలిపే మైక్రోవేవ్ లింకులు, వాటన్నిటికీ మెదడులాంటి కోర్ కంప్యూటరు. ఒకదాన్లో ఉంటూ రెండోదాన్లోంచి తప్పుకోవచ్చు. మీ నగరం వేస్తున్న తీర్మానం దేని గురించో మొదటి పేరాలోనే రాసి ఉందా అని చూడండి. లేకపోతే అక్కడే ఆపి అడగండి. ఈ పేజీ ఎక్కువగా రేడియో గురించి, ఎందుకంటే పెట్టాక వెనక్కి రాని ఖర్చు అక్కడే ఉంది.

అసలు ఎందుకు కలిశారు?

2001 సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో పోలీసు హెలికాప్టర్ల నుంచి వచ్చిన హెచ్చరికలు వరల్డ్ ట్రేడ్ సెంటర్ భవనాల్లో ఉన్న ఫైర్ సిబ్బంది రేడియోలకు అందలేదు. ఆ తర్వాత "అందరూ ఒకరి మాట ఒకరు వినగలగాలి" అన్న షరతుతో ఫెడరల్ గ్రాంట్లు వచ్చాయి. రెండో కారణం ఫ్రీక్వెన్సీల కరువు. పాత పద్ధతిలో పోలీసులకొక ఛానల్, ఫైర్‌కొక ఛానల్, రోడ్ల శాఖకొకటి ఉండేవి. ఎవరిది వాళ్లదే, ఖాళీగా ఉన్నా ఇంకొకరు వాడకూడదు. ట్రంకింగ్‌లో బ్యాంకులో టోకెన్ తీసుకున్నట్టే: ఏ కౌంటరు ఖాళీ అయితే ఆ కౌంటరు. బటన్ నొక్కగానే కంప్యూటరు ఖాళీ ఛానల్ చూసి ఇస్తుంది. వాడేవాళ్లు ఎక్కువమందైతే ఈ పద్ధతి ఇంకా బాగా పనిచేస్తుంది, అందుకే పది ఊళ్లు కలిస్తే తలా కొంత ఆదా.

మరి ఎందుకు విడిపోదామంటారు?

బిల్లు పెరగడం, బోర్డులో ఓటు విలువ తగ్గడం, కడతామన్న టవరు కట్టకపోవడం, మా ఊళ్లో సిగ్నల్ అందట్లేదనడం. వీటిలో మొదటి మూడూ పాలనకు సంబంధించిన గొడవలు, మాట్లాడుకుంటే తీరవచ్చు. నాలుగోది ఇంజనీరింగు. దాన్ని కొలవకుండా నిర్ణయం తీసుకోవడం తప్పు.

నిజంగా బయటికి వచ్చిన పెద్ద నగరం ఏదైనా ఉందా?

ఉంది, లాస్ ఏంజెలెస్. లాస్ ఏంజెలెస్ కౌంటీలో 88 నగరాలు, 4,000 చదరపు మైళ్లకు పైగా విస్తీర్ణం. పోలీసు, ఫైర్ శాఖలన్నిటికీ ఒకే వ్యవస్థ కట్టాలని 2009లో ఎల్ఏ-రిక్స్ పేరుతో ఉమ్మడి అధికార సంస్థ ఏర్పాటైంది. ప్రణాళిక రెండు ముక్కలు: మాటలకు రేడియో, డేటాకు సెల్‌ఫోన్ల తరహా ఎల్‌టీఈ నెట్‌వర్క్. డేటా ముక్కకు ఫెడరల్ ప్రభుత్వం 15.46 కోట్ల డాలర్ల గ్రాంటు ఇచ్చింది. ఆ డబ్బుకు గడువు ఉంది కాబట్టి టవర్లు హడావుడిగా లేపారు, చాలావాటిని ఫైర్ స్టేషన్ల ఆవరణల్లోనే. మా నెత్తిన యాంటెన్నాలేమిటని ఫైర్ సిబ్బంది సంఘం అడ్డం తిరిగింది. 2015 మార్చిలో కౌంటీ సూపర్‌వైజర్లు ఆ పని ఆపించారు. కొన్ని వారాలకే ఫెడరల్ ప్రభుత్వం కూడా గ్రాంటు పనిని నిలిపివేసింది.

అదే ఏడాది నవంబరులో, ఆర్థిక బాధ్యత నెత్తిన పడే గడువు దగ్గర పడుతుండగా, లాస్ ఏంజెలెస్ నగరం తప్పుకుంది. మరికొన్ని నగరాలూ తప్పుకున్నాయి. ఇక్కడ గమనించాల్సింది తేదీ. గడువులోపు వచ్చేస్తే దాదాపు చేతులు దులుపుకొని రావచ్చు, దాటాక వస్తే వాటా కట్టి రావాలి. సాంకేతిక లెక్కలు పూర్తి కాకముందే చాలా కౌన్సిళ్లు ఓటు వేయాల్సి వచ్చేది ఇందుకే.

ఇంకో చిక్కు కూడా కలిసింది. లాస్ ఏంజెలెస్ ప్రాంతపు పోలీసు రేడియోలు చాలావరకు టీ-బ్యాండ్ అనే 470-512 మెగాహెర్ట్జ్‌లో ఉన్నాయి. దాన్ని ఖాళీ చేయించి వేలం వేయాలని 2012లో కాంగ్రెస్ చట్టం చేసింది. ఉన్నచోట ఉంటే ఫ్రీక్వెన్సీ పోతుంది, ఉమ్మడిలో చేరితే ఖర్చు, ఇదీ పరిస్థితి. చివరికి 2020 డిసెంబరులో ఆ నిబంధననే రద్దు చేశారు. ఎనిమిదేళ్లపాటు ఆ గడువును నమ్ముకుని లెక్కలు వేసినవాళ్ల కాగితాలన్నీ మూలకు పోయాయి.

సొంతంగా నడుపుకుని తర్వాత ఉమ్మడిలోకి వచ్చినవాళ్లు?

ఓక్లాండ్. సొంత డిజిటల్ వ్యవస్థ కట్టుకుంది, కానీ పదేపదే మొరాయించింది. 2012 జులైలో అధ్యక్షుడు ఒబామా ఊళ్లో ఉన్నరోజున కూడా పోలీసు రేడియోలు మొరాయించాయి. సెల్ టవర్ల తరంగాలు అడ్డుపడటం ఒక కారణంగా తేలింది. తర్వాత ఈస్ట్ బే వ్యవస్థలో చేరింది. సొంతమైతే బాగుంటుందనేవాళ్లు ఈ ఊరి సంగతి ఒకసారి చదువుకోవాలి.

ఒప్పందంలో మొదట ఏ పేజీ తీయాలి?

"ఉపసంహరణ" అన్న శీర్షిక ఉన్నది. అందులో వెతకాల్సినవి: ఎన్ని నెలల ముందు నోటీసు ఇవ్వాలి, నోటీసు ఆర్థిక సంవత్సరం చివర్లోనే చెల్లుతుందా లేక ఎప్పుడైనా ఇవ్వచ్చా, ఉమ్మడి సంస్థ అమ్మిన బాండ్లలో మీ వాటా బయటికి వచ్చాక కూడా కట్టాలా. మూడోదానికి జవాబు చాలాసార్లు "కట్టాలి" అనే ఉంటుంది. అంటే కొన్నేళ్లు రెండు వ్యవస్థలకు ఒకేసారి డబ్బు పోతుంది.

తర్వాత ఆస్తులు. మీ నగరం స్థలంలో, మీ నీళ్ల ట్యాంకు మీద ఉమ్మడి యాంటెన్నా ఉండవచ్చు. మీరు తప్పుకున్నంత మాత్రాన అది దిగదు, దాని లీజు వేరు. గ్రాంటుతో కొన్న పరికరమైతే ఇంకో మెలిక: ఫెడరల్ నియమాల ప్రకారం విలువ ఒక హద్దు దాటిన పరికరాన్ని అమ్మాలన్నా వేరే పనికి వాడాలన్నా అనుమతి కావాలి, అందులో ఫెడరల్ వాటా ఉంటుంది. ఆ హద్దు చాలాకాలం 5,000 డాలర్లు. 2024 అక్టోబరు నుంచి 10,000. పాత గ్రాంటుకు పాత హద్దే వర్తించవచ్చు. కొన్నప్పటి గ్రాంటు కాగితాలు ముందే బయటికి తీసిపెట్టుకోండి.

ఫ్రీక్వెన్సీలు మనవేనా?

లైసెన్సు ఎవరి పేరున ఉందో, రేడియో లైసెన్సులిచ్చే ఫెడరల్ సంస్థ ఎఫ్‌సీసీ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడవచ్చు. చేరేటప్పుడు మీ నగరం తన 800 మెగాహెర్ట్జ్ ఛానళ్లను ఉమ్మడి సంస్థకు రాసిచ్చి ఉంటే వాటి మీద ఇక హక్కు లేదు, ఒప్పందంలో తిరిగిస్తామని రాసుంటే తప్ప. ఇస్తామన్నా వెంటనే ఇవ్వలేరు, ఎందుకంటే అవే ఫ్రీక్వెన్సీలు ఈపాటికి పది టవర్ల మీద మోగుతుంటాయి. కొత్తవి అడగాలంటే, ఒకరి ఫ్రీక్వెన్సీ ఇంకొకరికి అడ్డుపడకుండా చూసే కోఆర్డినేటర్ ద్వారా దరఖాస్తు పెట్టాలి, 700 మెగాహెర్ట్జ్ అయితే ప్రాంతీయ ప్రణాళికా సంఘం ఒప్పుకోవాలి. పెద్ద మెట్రోల్లో ఖాళీలు బహు తక్కువ. లైసెన్సు వచ్చాక కూడా గడువులోపు ప్రసారం మొదలుపెట్టకపోతే అది రద్దవుతుంది. కాబట్టి వరుస ఇది: ముందు ఫ్రీక్వెన్సీ, తర్వాత డిజైన్, ఆ తర్వాత ఓటు. చాలాచోట్ల తలకిందులుగా జరుగుతుంది.

సొంతంగా కడితే ఎన్ని ఛానళ్లు సరిపోతాయి?

అమెరికాలో పోలీసు, ఫైర్ డిజిటల్ రేడియోల ప్రమాణం పేరు పీ25. దాని కొత్త రూపమైన ఫేజ్ 2 లో ఐదు ఫ్రీక్వెన్సీ జతలు ఉన్నాయనుకుందాం. ఒకటి, ఎవరికి ఏ ఛానలో చెప్పే కంట్రోల్ ఛానల్‌కు పోతుంది. మిగిలిన నాలుగూ ఒక్కొక్కటి రెండు స్లాట్లుగా చీలతాయి. ఏకకాలంలో 8 సంభాషణలు. మామూలు రోజున చిన్న నగరానికి అది ఎక్కువే. పెద్ద అగ్నిప్రమాదం రోజున ఫైర్ నాలుగు గ్రూపుల్లో (గ్రూపు అంటే ఒకరి మాట ఒకరు వినే రేడియోల జట్టు), పోలీసులు మూడు గ్రూపుల్లో, రోడ్ల శాఖ, బస్సులు అన్నీ ఒకేసారి మాట్లాడతాయి. అప్పుడు బటన్ నొక్కితే వెంటనే దారి దొరకదు, రేడియో బిజీ టోన్ వినిపిస్తుంది. మాట్లాడాలనుకున్న ఫైర్‌మన్ దారి దొరికేదాకా ఆగాలి.

ఇక్కడ ఒక గుట్టు ఉంది. ఫేజ్ 1 మాత్రమే తెలిసిన పాత రేడియో ఒక్కటి ఆ గ్రూపులోకి వచ్చినా, ఆ గ్రూపు సంభాషణ మొత్తం ఫేజ్ 1 కి దిగిపోయి ఛానల్ మొత్తాన్ని మింగేస్తుంది. ఎనిమిది అనుకున్నది ఏడవుతుంది, రెండు మూడు గ్రూపుల్లో ఇలా జరిగితే ఆరో ఐదో అవుతుంది. పక్క ఊరి నుంచి సాయానికి వచ్చిన పాత బండి చాలు. డిజైన్ ఇచ్చే కంపెనీ దీన్ని లెక్కలో వేసిందా అని రాతపూర్వకంగా అడగండి.

మా ఊళ్లో కవరేజీ బాగాలేదు. విడిపోతే బాగుపడుతుందా?

కావచ్చు, కాకపోవచ్చు. ముందు "95 శాతం కవరేజీ" అన్న మాటను విప్పి చూడాలి. ఆ 95 శాతం మొత్తం ప్రాంతం మీద లెక్క. రెండు కౌంటీల విస్తీర్ణంలో మిగిలిన 5 శాతం మీ ఊరి లోయలోనే పడి ఉండవచ్చు, ఒప్పందం ప్రకారం తప్పేమీ జరగనట్టే. పైగా అది కారులోని రేడియోకా, నడుముకు పెట్టుకున్న చేతి రేడియోకా, బయటా, భవనం లోపలా? నడుముకు పెట్టిన రేడియో సిగ్నల్‌ను ఒళ్లే అడ్డుకుంటుంది. ఇనుమూ, వేడిని ఆపే పూత ఉన్న అద్దాలూ ఉన్న కొత్త భవనాల్లో ఇంకా తగ్గుతుంది.

పరీక్ష ఇలా చేయించండి. నగర పటాన్ని పావు మైలు గళ్లుగా గీయాలి. ప్రతి గడిలోనూ చేతి రేడియో నడుముకు ఉంచి, భుజం మైకుతో, రెండు దిక్కులా మాట్లాడి చూడాలి. టవరు నుంచి వినపడటం సులువు. మనం మాట్లాడింది టవరుకు చేరడం కష్టం, ఎందుకంటే 700, 800 మెగాహెర్ట్జ్ చేతి రేడియో శక్తి మహా అయితే 3 వాట్లు. అందుకే "వినపడుతోంది కానీ జవాబివ్వలేకపోతున్నా" అనే ఫిర్యాదులే ఎక్కువ. మాట నాణ్యతకు డీఏక్యూ అనే కొలమానం ఉంది; 3.4 అంటే చాలా అరుదుగా మాత్రమే మళ్లీ చెప్పమనాల్సి వస్తుంది. దానికి తగ్గిన గళ్లకు రంగు వేయండి.

రంగు పడ్డ గళ్లు గుంపుగా ఉంటే ఒక కొత్త టవరు సమస్య తీర్చవచ్చు. బడులు, ఆసుపత్రి, మాల్ లోపలే ఉంటే ఆ భవనాల్లో సిగ్నల్ పెంచే పరికరాలు పెట్టాలి. ఊరికి కొత్త వ్యవస్థ కట్టినా అక్కడ అవి పెట్టక తప్పదు. టవర్లు దగ్గర్లోనే కనబడుతున్నా మాట గరగరమంటే అది సిగ్నల్ తక్కువ కావడం కాకపోవచ్చు: రెండు టవర్లు ఒకే ఫ్రీక్వెన్సీలో ఒకే మాట పంపుతున్నప్పుడు కొన్ని పదుల మైక్రోసెకన్ల తేడా వచ్చినా రేడియో తికమకపడుతుంది. దానికి మందు టైమింగ్ సర్దడం, కొన్ని యాంటెన్నాల దిశ మార్చడం. కోటి డాలర్ల గొడవ చిన్న మరమ్మతుతో తీరిపోయేది ఇలాంటిచోటే.

ఇప్పుడున్న రేడియోలు పనికొస్తాయా?

పీ25 రేడియోలైతే సాధారణంగా వస్తాయి, కొత్త ప్రోగ్రామింగ్‌తో. ఖర్చు గంటల్లో ఉంటుంది. 250 రేడియోలు, ఒక్కోదానికి 20 నిమిషాలు అనుకోండి: 83 గంటలు. అదీ రెండుసార్లు: మారేముందు కొత్త జోన్లు, అంటే ఛానళ్ల గుంపులు, ఎక్కించడానికోసారి, మారాక పాతవి తీసేయడానికోసారి. డ్యూటీలో ఉన్న కారును గ్యారేజీకి పిలిపించడం, రాత్రి షిఫ్ట్ వాళ్లను పట్టుకోవడం ఈ లెక్కలో లేవు. మాటలు బయటివాళ్లకు అర్థంకాకుండా దాచే ఎన్‌క్రిప్షన్ తాళాలు మళ్లీ వేరే పని.

పక్క ఊరివాళ్లు సాయానికి వస్తే మాట్లాడగలమా?

అసలు ఖర్చు దాగి ఉన్నది ఇక్కడ. మీ రేడియోల్లో వాళ్ల గ్రూపులు ఎక్కించుకోవడం మీ చేతిలో ఉంది. వాళ్ల రేడియోల్లో మీ కొత్త వ్యవస్థను ఎక్కించాలంటే వాళ్ల వేలాది రేడియోలు వాళ్లే తెరవాలి, మీ కోసం, వాళ్ల ఖర్చుతో. అడిగి చూడండి. రెండు వ్యవస్థల కోర్లను కలిపే గేట్‌వే ఒకటి ఉంది, పనిచేస్తుంది, కానీ లైసెన్సు ఫీజు ఉంటుంది, రెండువైపులా ఒప్పుకోవాలి. ఏదీ లేనప్పుడు దేశమంతటికీ ఉమ్మడిగా కేటాయించిన 8కాల్90, 8టాక్91 లాంటి ఛానళ్లు ఉన్నాయి. ప్రతి రేడియోలో ఉండాల్సినవే. అయితే అవి ఏ జోన్‌లో ఉన్నాయో వెతుక్కునేది మంట ముందు, గ్లవ్స్ వేసుకున్న చేత్తో. చేతి రేడియో మీద నాబ్‌కు 16 గడులు ఉంటాయి, జోన్ మార్చడానికి వేరే మీట. ఆ అమరిక పక్క ఊరికీ మీకూ ఒకేలా ఉండేట్టు ముందే కూర్చుని రాసుకోండి.

డబ్బు లెక్క ఎలా వేయాలి?

ఏడాది బిల్లుతో పోల్చకండి, 15 ఏళ్లతో పోల్చండి. ఉదాహరణకు మాత్రమే: రేడియోకు నెలకు 40 డాలర్లు, 250 రేడియోలు. ఏడాదికి 1,20,000, పదిహేనేళ్లకు 18 లక్షల డాలర్లు. ఎక్కువే అనిపిస్తుంది. ఇప్పుడు రెండో కాలమ్: టవరు స్థలాలు, షెల్టర్లు, బ్యాటరీలు, జనరేటర్లు, మైక్రోవేవ్, కోర్, డిస్పాచ్ కన్సోళ్లు, మాటల రికార్డరు, ఫైర్ స్టేషన్ అలారంతో జోడింపు, ఏటా సాఫ్ట్‌వేర్ ఒప్పందం, జీతం మీద ఒక రేడియో టెక్నీషియన్, అతను సెలవు పెట్టిన రోజుకు ఇంకొకరు. ఈ చివరిదాన్ని వదిలేసిన నివేదిక ఏదైనా సరే నమ్మకండి. కోర్ సాఫ్ట్‌వేర్ కొన్నేళ్లకోసారి పెద్ద నవీకరణ అడుగుతుంది, ఉమ్మడిలో ఉంటే దాన్ని పది ఊళ్లు పంచుకుంటాయి.

మారే రోజున ఎక్కడ పొరపాటు జరుగుతుంది?

సగం మంది కొత్తదాన్లో, సగం మంది పాతదాన్లో మాట్లాడటం. అందుకే మార్పు కాలమంతా డిస్పాచర్ కన్సోల్‌లో పాత, కొత్త గ్రూపులను ప్యాచ్ చేసి, అంటే ఒకదాని మాట రెండోదాన్లో వినపడేట్టు కలిపి, ఉంచుతారు. రెండోది టవరుకూ కోర్‌కూ మధ్య లింకు తెగడం: అప్పుడు ఆ టవరు కింద ఉన్నవాళ్లు తమలో తాము మాట్లాడుకుంటారు, డిస్పాచర్‌కు మాత్రం వినపడదు. రేడియో తెరమీద "సైట్ ట్రంకింగ్" అని వస్తుంది. ఆ మాటకు అర్థం షిఫ్ట్‌లో ప్రతి ఒక్కరికీ తెలియాలి. మూడోది నారింజ రంగు ఎమర్జెన్సీ బటన్. నొక్కితే సరైన కన్సోల్‌లో మోగుతోందా అని ఒక్కో రేడియోకూ విడిగా చూడాలి. వంద సరిగ్గా ఉన్నాయి కదా అని మిగతావి వదిలేయకూడదు.

911 కేంద్రాన్ని కూడా వేరు చేసుకుంటే?

చాలాచోట్ల రాష్ట్ర అనుమతి కావాలి, ఫోన్ బిల్లుల మీద వసూలయ్యే 911 సుంకంలో వాటా లెక్క మారుతుంది. ప్రమాణం ఏమిటంటే 90 శాతం కాల్స్ 15 సెకన్లలో, 95 శాతం 20 సెకన్లలో ఎత్తాలి. చిన్న కేంద్రంలో రాత్రి ఇద్దరే ఉంటే ఒక్క రోడ్డు ప్రమాదానికి వచ్చే పది ఫోన్లతో ఇది తలకిందులవుతుంది. ఒక్క కుర్చీ రోజంతా నిండి ఉండాలంటే సెలవులతో కలిపి ఐదుగురు ఉద్యోగులు కావాలి. సరిహద్దు దగ్గర సెల్‌ఫోన్ కాల్స్ పక్క ఊరి కేంద్రానికి వెళ్లి, అక్కడి నుంచి బదిలీ అవుతాయి. ఫోన్ ఉన్న చోటును బట్టే కాల్ మళ్లించాలని ఎఫ్‌సీసీ 2024లో నియమం చేసింది కాబట్టి ఇది తగ్గుతుంది, పోదు.

మధ్యేమార్గం లేదా?

ఉంది. ఉమ్మడి కోర్‌ను వాడుకుంటూ సొంత టవర్లు పెట్టుకోవచ్చు. సిగ్నల్ సమస్య తీరుతుంది, పక్క ఊళ్లతో మాట పోదు. బోర్డులో ఓటు గురించే మీ గొడవైతే ఇది తీర్చదు.

హైదరాబాద్, విజయవాడల్లో ఇలాంటి ప్రశ్న ఎందుకు రాదు?

అక్కడ పోలీసు, అగ్నిమాపక శాఖలు రాష్ట్ర ప్రభుత్వానివి. మునిసిపాలిటీకి వదులుకోవడానికి సొంత వ్యవస్థంటూ లేదు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 కూడా రాష్ట్రమంతటికీ ఒకే కేంద్రంగా పెరిగింది. అక్కడి చర్చ వేరు: 100, 101, 108లను 112 కిందికి తేవడం, ఫోను ఎత్తినవాళ్ల నుంచి బండి దాకా మాట ఎంత త్వరగా వెళ్తుందన్నది.

కౌన్సిల్ సమావేశంలో మూడు నిమిషాలు ఇస్తారు. ఏం అడగాలి?

ఒక్కటి అడిగితే చాలంటే ఇది: "ఫ్రీక్వెన్సీలు ఎక్కడివి, లైసెన్సు నంబరు చెప్పండి." సమయం మిగిలితే బాండ్ల వాటా అంకె, కవరేజీ గళ్ల పటం అడగండి. ఈ మూడూ టేబుల్ మీద లేకపోతే ఓటును వాయిదా వేయమనండి, నోటీసు గడువు ఎప్పుడో కనుక్కున్నాకే.

తీసేసిన రేడియోలు ఏం చేయాలి?

అమ్మేముందు ఎన్‌క్రిప్షన్ తాళాలు చెరిపేయాలి, ప్రోగ్రామింగ్ ఫైలు ఖాళీ చేయాలి, ఆ రేడియో నంబరును పాత, కొత్త కోర్లు రెంటిలోనూ రద్దు చేయాలి. చివరి రెండూ మర్చిపోతే, సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాడు ఆన్ చేయగానే పోలీసు గ్రూపులో కూర్చోగలడు. జాబితాలో ఉండి చేతికి దొరకని రేడియోలు ప్రతి ఊళ్లోనూ కొన్ని తేలతాయి. వాటి నంబర్లను కూడా ఆ రోజే ఆపేయండి.